నడిమి కాగితం

“సంతకం నీదేనా?”

“నాదే సార్.”

“ఇది?”

“అది కూడ నాదే.”

“ఇరవై అయినయి. ఇరవై సంతకాలు నావే అంటవ్. లోపల రాసింది మాత్రం నాది కాదంటవ్. గిదేం మాటమ్మా?”

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవిదాస్ చేతిలోని కాగితాల కట్టను బల్ల మీద పడేశాడు. రుక్మాబాయి నిలబడే ఉంది. కూర్చోమని ఆమెతో ఎవరూ అనలేదు.

డిటెక్టివ్ భోజన్న కళాశాలలోని ఆ గదిలోకి అడుగుపెట్టేసరికి గోడ గడియారంలో పదకొండూ పది అయింది. ఆ రోజు 2003 డిసెంబరు పదకొండు, గురువారం.

“ఆగయే డిటెక్టివ్ సాబ్!” అన్నాడు దేవిదాస్. “ఠాణాల రైటర్ నౌకరి వదిలి ఆరేండ్లాయె. ఇంక పోలీసోళ్ళ ఎంబడి తిరుగుడు బంద్ చెయ్యవా?”

“మీరు సక్కగ చదివితే నేనెందుకొస్త సారు? నాకు ఇంటికాడ పని లేదా?”

దేవిదాస్ నవ్వలేదు. కిటికీ దగ్గర కూర్చున్న ప్రొఫెసర్ వేదవల్లి మాత్రం కళ్ళజోడు సర్దుకుని భోజన్న వైపు చూసింది. ఆమె విశాఖపట్నం నుంచి వచ్చిన తనిఖీ అధికారి.

వ్యవహారమంతా ఆమె రాయబోయే నివేదిక చుట్టూ తిరుగుతోంది. నిజామాబాద్‌లోని ఇందూరు మనోవిజ్ఞాన కళాశాలలో క్లినికల్ సైకాలజీ కోర్సు పెట్టి రెండేళ్ళయింది. ఈ చదువుకు పట్టా ఒక్కటే సరిపోదు. ఢిల్లీలోని కౌన్సిల్ కోర్సును గుర్తించాలి, చదివినవాళ్ళ పేర్లు కౌన్సిల్ రిజిస్టరులో ఎక్కాలి, పేరు పక్కన నెంబరు పడాలి. ఆ నెంబరు లేకుండా పిల్లల బుద్ధిమాంద్యం మీద ఎవరు ఏం రాసిచ్చినా ఏ ఆఫీసులోనూ చెల్లదు. నెంబరు కావాలంటే ప్రతి విద్యార్థీ యాభై మంది పిల్లలను స్వయంగా పరీక్షించినట్టు ఫైలు చూపించాలని కళాశాల నియమం. ముప్ఫై మంది కళాశాల క్లినిక్‌లో, ఇరవై మంది బయటి ఊళ్ళలో.

ఆ కోర్సు విద్యార్థిని రుక్మాబాయి తన ఇరవై మందిని బోధన్‌లోని చిన్న ప్రత్యేక పాఠశాలలో పరీక్షించింది. ఆమె తల్లి బీడీలు చుడుతుంది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి రుక్మాబాయే. నిన్న, బుధవారం, తనిఖీలో ఆ ఇరవై రికార్డులూ దొంగవని తేలింది. కళాశాల ట్రస్టీ వెంటనే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. కోర్సు నడిపే డాక్టర్ అనసూయమ్మ మాత్రం భోజన్నకు ఫోన్ చేసింది.

“నేను ఒంటిగంటన్నరకు హైదరాబాదు బయలుదేరాలండీ,” అంది వేదవల్లి. “ఒంటిగంటకు నివేదిక మీద సంతకం పెడతాను. అప్పటికి ఇదే పరిస్థితి ఉంటే ఈ అమ్మాయి పేరు రిజిస్టరులో చేర్చవద్దని రాయక తప్పదు. ఒకసారి అలా రాస్తే మళ్ళీ చెరిపించుకోవడం చాలా కష్టం.”

“దొంగవని మీకెట్ల తెలిసింది మేడం?”

“చూడండి. ఒక్కో బిడ్డకు మూడు కాగితాలు. మొదటిదాంట్లో పేరు, వయసు, ఊరు. నడిమిదాంట్లో ప్రశ్నలు, పిల్లలు చెప్పిన జవాబులు. మూడోదాంట్లో మార్కులు, పరీక్షించినవారి సంతకం. ఈ ఇరవై మంది మార్కులు ఇరవై రకాలుగా ఉన్నాయి. జవాబులు మాత్రం అక్షరం తేడా లేకుండా ఒకటే. ఇరవై మంది పిల్లలు ఒకే మాట చెబుతారా?”

“చెప్పరు,” అన్నాడు భోజన్న. “నడిమి కాగితం చదువుకోవచ్చా?”

నిలబడే చదివాడు. మొదటి ప్రశ్న, పాలు ఏది ఇస్తుంది? జవాబు, ‘గేదె పాలు ఇస్తుంది.’ మూడో ప్రశ్న, పొద్దున ఎప్పుడు లేస్తావు? ‘ఆరు గంటలకు లేస్తాను.’ ఆరో ప్రశ్న, ఒంటి మీద ఏం వేసుకున్నావు? ‘చొక్కా వేసుకున్నాను.’

మళ్ళీ మొదటికి వెళ్ళి చదివాడు. తరువాత దేవిదాస్‌కు అందించాడు.

“సారు, మొదటి జవాబు జర పెద్దగ చదువుండ్రి.”

“గేదె పాలు ఇస్తుంది. ఇందుల ఏమున్నది? పాలు గేదె ఇయ్యక నువ్విస్తవా?”

“మీ ఇంట్ల పాలిచ్చేదాన్ని ఏమంటరు?”

“బర్రె అం...” దేవిదాస్ ఆగిపోయాడు.

ఆ కాగితాన్ని నిన్నటి నుంచి వేదవల్లి కాక అయిదుగురు చదివారు. అందరూ ఈ జిల్లాలోనే పుట్టి పెరిగినవాళ్ళు. బడి పుస్తకంలో గేదె అని చదివి, ఇంటికి పోయి బర్రెకు గడ్డి వేసినవాళ్ళు. అచ్చులో కనబడితే గేదె, కొట్టంలో కనబడితే బర్రె. చిన్నప్పటి నుంచి అలా అలవాటైపోయి ఆ మాట ఎవరి కంటికీ ఆనలేదు.

“నాకు తట్టనే లేదండీ,” అంది వేదవల్లి. “మా ఊళ్ళో గేదే.”

“మీకు తట్టదు మేడం. తప్పు మీది కాదు. కానీ బోధన్‌ల ఏడేండ్ల పోరడు, అది కూడ బడికి సరిగ పోనోడు, గేదె అంటడా? చొక్కా అంటడా? అంగి అంటడు. గీ జవాబులు చెప్పింది పిల్లలు కాదు. కోస్తా దిక్కు అచ్చయిన గైడు.”

దేవిదాస్ తేరుకున్నాడు. ఊరికే ఓడిపోయే మనిషి కాదతను. “పిల్లగాడు బర్రె అనే ఉంటడు. టైపు కొట్టినోడు మంచి తెలుగు జేసిండు. ఏమ్మా, టైపు ఎక్కడ కొట్టించినవ్?”

“బస్టాండు కాడ, డీటీపీ సెంటర్ల సార్,” అంది రుక్మాబాయి. “మార్చలేదు. మార్చొద్దని పక్కన కూసొని కొట్టించిన. పిల్లలు ఏ మాట అంటే గా మాటనే రాయాలె. గది రూలు.”

“నువ్వన్నంత మాత్రాన...”

“మిగిలిన ముప్ఫై చూద్దాం సారు,” అన్నాడు భోజన్న. “అవి కూడ గా టైపు ఆయన కొట్టినవే గదా.”

అనసూయమ్మ క్లినిక్ రికార్డుల కట్ట తెచ్చింది. భోజన్న వరుసగా తిరగేశాడు. బర్రె. బర్రె, ఆవు. బర్రె ఇస్తది. ఒక పిల్ల ‘మా లచ్చి ఇస్తది’ అంది. దాని కింద రుక్మాబాయి ‘లచ్చి అంటే బర్రె, మళ్ళీ అడిగి తెలుసుకున్నాను’ అని రాయించింది.

భోజన్న వేళ్ళు కాగితాల మూల దగ్గర ఆగాయి. ఈ ముప్ఫై రికార్డులకూ పిన్ను లేదు. మూలన మూడు కుట్లు వేసి ఉన్నాయి, గులాబి రంగు సన్నని దారంతో.

“గిదేంది బిడ్డా?”

“బీడీ దారం సార్. మా ఇంట్ల స్టేప్లర్ లేదు. సూదితోని కుట్టిన.”

“యాభై కుట్టినవా, ముప్ఫై కుట్టినవా?”

“యాభై. మా అవ్వ కూడ కుట్టింది.”

“మరి గీ ఇరవైకి పిన్నులున్నయేంది?”

రుక్మాబాయి మొదటిసారి ముందుకు వంగి చూసింది. నిన్నటి నుంచి ఆమెకు జవాబులు చదివి వినిపించి, సంతకాలే చూపించారు. “నేను పిన్ను కొట్టలే సార్. ఒక్కటి గూడ కొట్టలే.”

“దారం అయిపోయి ఉంటది,” అన్నాడు దేవిదాస్.

“బీడీ కార్మికుల ఇంట్ల బీడీ దారం అయిపోయిందా సారు? నిజామాబాద్‌ల మాట మాట్లాడుండ్రి.”

అనసూయమ్మ నవ్వు ఆపుకుంది. భోజన్న ఒక రికార్డు పిన్ను జాగ్రత్తగా ఊడదీసి మూడు కాగితాలనూ విడివిడిగా కిటికీ వెలుతురుకు పెట్టాడు.

“మేడం, మీరే చూడుండ్రి. మొదటి కాగితానికి పిన్ను రంధ్రాలు రెండు, సూది రంధ్రాలు మూడు. సంతకం ఉన్న మూడో కాగితానికి కూడ గంతే. మరి నడిమి కాగితానికి?”

వేదవల్లి కళ్ళజోడు తీసి కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. “రెండే. పిన్నువి మాత్రమే.”

“సంతకం ఆమెదే. పిల్లల పేర్లు ఆమె రాసినవే. దారం తెంపి, నడిమి కాగితం గుంజుకొని, దొంగది పెట్టి పిన్ను కొట్టిండ్రు.”

పదకొండూ నలభై. దేవిదాస్ ఇరవై రికార్డులనూ ఒక్కొక్కటిగా తనే కిటికీకి పెట్టి చూశాడు. ఇరవయ్యోది చూశాక టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

“సరే. ఎవడు?”

“బీరువా చూద్దాం పా సారు.”

రికార్డు గది వరండా చివర ఉంది. ఒక ఇనుప బీరువా, ఒక బల్ల, ఒక కిటికీ. బీరువా తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి అటెండర్ హన్మాండ్లు మొలతాడుకు ఉంటుంది. అతను యాభై దాటిన మనిషి. పోలీసును చూడగానే గోడకు ఆనుకున్నాడు.

“సోమవారం పదిన్నరకు ఎనిమిది మంది ఫైళ్ళు నీ చేతికిచ్చిండ్రు. బుధవారం పది గంటలకు మేడం ముంగట పెట్టినవ్. నడుమ బీరువా ఎన్నిసార్లు తీసినవ్?” అడిగాడు భోజన్న.

“తియ్యలే సారు.”

“హన్మాండ్లన్నా, నిన్ను ఎవ్వలు ఏమనరు. ఆ పిల్ల బతుకు మాత్రం ఒంటిగంట దాంక ఉంది.”

హన్మాండ్లు దేవిదాస్ వైపు చూశాడు. “నా నౌకరి పోతది సారు.”

“చెప్పకుంటే ఇంక జల్ది పోతది,” అన్నాడు దేవిదాస్.

“మంగళవారం ఒక్కసారి తీసిన. లింబాద్రి సారు వచ్చి, నా ఫైలుకు ఫోటో అతికియ్యలే, జర ఇయ్యన్నడు. ట్రస్టీ సారు మేనల్లుడాయె, కాదంటె ఎట్ల? తాళం తీసిచ్చి బువ్వ తిననీకి పోయిన.”

“ఎన్నింటికి?”

“ఒంటిగంట దాటింది. రేడియోల వార్తలు అయిపోయినయి. ఒంటిగంటా పది అనుకో. రెండుకు పది నిమిషాలున్నప్పుడు మల్ల వచ్చిన. సారు అప్పటికి ఫైలు సంచిల పెట్టుకొని నిలబడ్డడు. ఇంటికాడ అతికిస్త, పొద్దున తెస్త అన్నడు. బుధవారం తొమ్మిదికి కొంచెం ముంగట తెచ్చిచ్చిండు.”

నలభై నిమిషాలు. రికార్డులు ఇరవై. ఒక్కోదానికి రెండు నిమిషాలు. భోజన్న బీరువా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఊడ్చిన చీపురు బీరువా కాళ్ళ వెనక్కి పోదు. అక్కడ దుమ్ములో గులాబి దారం ముక్కలు చిక్కుకుని ఉన్నాయి. కొన్నింటికి ముడి అలాగే ఉంది.

దేవిదాస్ వాటిని జేబురుమాలులోకి ఏరించుకున్నాడు. “గీ లింబాద్రి నాకు పొద్దుగాల చాయ్ పోయించిండు,” అన్నాడు నెమ్మదిగా. “ఆమె మీద కేసు జల్ది కట్టమన్నడు.”

“చాయ్ బాగుండెనా సారు?”

“నోరుముయ్యి.”

పన్నెండుంబావుకు లింబాద్రిని అనసూయమ్మ గదిలోకి పిలిపించారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. అతని ఫైలు వేదవల్లి ముందు ఉంది. బయటి ఊళ్ళ పిల్లలను మోర్తాడ్, ఏర్గట్ల వైపు పరీక్షించానని మొదటి కాగితాల్లో ఉంది.

“తమ్మీ, మూడో ప్రశ్నకు నీ పిల్లగాడు చెప్పిన జవాబు చదువు,” అన్నాడు భోజన్న.

లింబాద్రి గొంతు సవరించుకున్నాడు. “‘సైరన్ కూసినంక లేస్త.’”

“మోర్తాడ్‌ల సైరన్ ఏడుంది?”

“రైసు మిల్లుకుంది.”

“తరువాతి పిల్ల?”

“‘మూడో సైరన్‌కు బాపు ఇంటికొస్తడు, గప్పుడు లేస్త.’”

“పసుపు పండే ఊరి రైసు మిల్లు మూడు పాళ్ళు నడుస్తదా తమ్మీ? బోధన్ చక్కెర ఫ్యాక్టరీల నడుస్తయి మూడు షిఫ్టులు. ఇంకోటి చదువు.”

“నాకు మల్ల మల్ల చదివే పని లేదు. మా మామకు ఫోన్ చేస్త.”

“చెయ్యి,” అన్నాడు దేవిదాస్. “ఇన్‌స్పెక్టర్ దేవిదాస్ కూసున్నడని చెప్పు. నా చేతుల ఫిర్యాదు ఉంది, దాంట్ల పేరు మార్చే పని ఒక్కటే మిగిలిందని చెప్పు.”

భోజన్న పక్కకు జరిగి కుర్చీ అతనికి వదిలేశాడు. దేవిదాస్ లింబాద్రి ఫైలులోంచి ఒక రికార్డు పిన్ను ఊడదీసి, నడిమి కాగితాన్ని కిటికీకి పెట్టాడు. సూది రంధ్రాలు మూడు. ముందు వెనకల కాగితాలకు లేవు. ఇంకోటి. మూడు. మరోటి. మూడు. పందొమ్మిదిదాకా అలాగే సాగింది. ఇరవయ్యో రికార్డు దగ్గర అతని చెయ్యి ఆగింది.

“దీనికి లేవు భోజన్నా.”

భోజన్న చదివాడు. ‘గేదె పాలు ఇస్తుంది. ఆరు గంటలకు లేస్తాను. చొక్కా వేసుకున్నాను.’

రుక్మాబాయి ఫైలులో ఇరవై సార్లు కనబడ్డ కాగితమే. అక్షరం తేడా లేదు.

“ఇగ మాట్లాడు తమ్మీ,” అన్నాడు భోజన్న. “పిల్లల ముంగట ఒక్కదినం గూడ కూసోకుంట గైడు చూసి ఇరవై చేసినవ్. తనిఖీ వాళ్ళు నడిమి కాగితమే చదువుతరని అనసూయమ్మ మేడం చెప్పంగనే భయమైంది. దొంగ కాగితాలు ఆమెకిచ్చి ఆమె కాగితాలు నువ్వు తీసుకున్నవ్. ఇంటికాడ గా జవాబులకు సరిపోయేటట్టు మార్కుల కాగితాలు మల్ల టైపు కొట్టించినవ్. మరి పందొమ్మిదే వాడి, ఇరవయ్యోదానికి మల్ల గైడు కాగితమే ఎందుకు కొట్టించినవ్? ఆమె ఇరవయ్యోది ఏమైంది?”

లింబాద్రి నేల చూశాడు. ఇస్త్రీ చొక్కా చంకల కింద తడిసింది. “పనికి రాలే,” అన్నాడు.

“ఏడుంది?”

దేవిదాస్ అతని చొక్కా జేబులోంచి స్కూటరు తాళంచెవి తీసుకుని బయటకు నడిచాడు. ఆరు నిమిషాల తరువాత తిరిగి వచ్చాడు. చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. మూలన మూడు సూది రంధ్రాలు.

“డిక్కీల ఉండె. స్కూటరు కాగితాల నడుమ పెట్టి మరిచిపోయినట్టున్నడు.” అతను కాగితాన్ని వేదవల్లికి ఇచ్చాడు. “ఆరో ప్రశ్న దాంక అంత మంచిగనే ఉంది. ఏడోది చదువుండ్రి మేడం.”

వేదవల్లి చదివింది. “‘వేలు తెగితే ఏం చేస్తావు?’” ఆమె కాస్త ఆగింది. “‘రుక్మక్కకు చెప్త.’”

రుక్మాబాయి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కాగితాన్ని లింబాద్రి తన ఫైలులో ఎందుకు పెట్టుకోలేకపోయాడో ఇక ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

వేదవల్లి రుక్మాబాయి ఫైలులోంచి మూడో కాగితాలు వెతికి, ఆ పిల్లవాడిది ఏదో రుక్మాబాయిని అడిగి తీసి పక్కన పెట్టుకుంది. వేలితో ఒక్కో జవాబునూ, దాని మార్కునూ సరిచూసుకుంటూ వచ్చింది. ఏడో ప్రశ్న దగ్గర తల ఎత్తింది.

“దీనికి ఎన్ని వేశావమ్మా?”

“సున్నా మేడం.”

“నీ పేరే చెప్పాడు కదా.”

“చెప్పిండు. కట్టు కట్టుకుంట అన్నా, అవ్వకు చెప్త అన్నా, దవాఖానకు పోత అన్నా మార్కు వెయ్యమని పుస్తకంల ఉంది. నా పేరు లేదు. నాకు బాధయింది మేడం. గా దినం ఇంటికి పోయినంక గూడ అనుకున్న. కానీ నా పేరు చెప్పిండని నేను మార్కు వేస్తే మల్ల గది పరీక్షెట్ల అయితది?”

వేదవల్లి చాలాసేపు ఆ సున్నాను చూసింది. తరువాత కుర్చీ వెనక్కి జరిపి, ఇంకో కుర్చీ లాగి, “కూర్చో తల్లీ. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నావు,” అంది.

రుక్మాబాయి కూర్చుంది. అనసూయమ్మ మంచినీళ్ళ గ్లాసు అందించింది.

“కోర్సు గుర్తింపు పోతుందా మేడం?” అనసూయమ్మ అడిగింది. ఆ మాట అడగడానికి ఆమె నిన్నటి నుంచి భయపడుతోందని గొంతే చెప్పింది. “మిగతా ఏడుగురు పిల్లల చదువు...”

“బీరువా మీద ఒక మాట రాస్తాను. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. అటెండరు భోజనానికి పోతే రికార్డులు కూడా భోజనానికి పోకూడదు. అంతకు మించి కోర్సుకు నేనేమీ రాయను. దొంగతనం చేసింది కోర్సు కాదు.” ఆమె కలం మూత తీసింది. “ఏడుగురి పేర్లు పంపిస్తున్నాను.”

దేవిదాస్ లింబాద్రి భుజం మీద చెయ్యి వేసి తలుపు వైపు నడిపించాడు. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. రుక్మాబాయి వైపు చూడడానికి కాస్త తడబడ్డాడు.

“అమ్మా, పొద్దుగాల జర గట్టిగ మాట్లాడిన. మనసుల పెట్టుకోకు.” ఆ తరువాత భోజన్నతో అన్నాడు. “నువ్వేం నవ్వుతున్నవ్ బే? రంధ్రాలు లెక్కబెట్టింది నేను. డిక్కీ తీసింది నేను.”

“రాసుకోండ్రి సారు. ఫైల్ల మీ పేరే రాసుకోండ్రి.”

గోడ గడియారంలో ఒంటిగంటకు అయిదు నిమిషాలు తక్కువ. వేదవల్లి మిగతా నడిమి కాగితాలనూ మార్కులతో సరిచూసి, నివేదిక చివరి పేజీలో ఏడు పేర్లు రాసింది. నాలుగో పేరు పక్కన, యాభై రికార్డులూ పరిశీలించాను, యాభై సక్రమం అని రాసి, సంతకం పెట్టి, కాగితాన్ని రుక్మాబాయి చదువుకోవడానికి ఆమె వైపు తిప్పింది.

రుక్మాబాయి రెండుసార్లు చదివింది. కళ్ళు తుడుచుకుంది.

“మేడం, నెంబరు ఎన్ని దినాలకు వస్తది?”

“రెండు నెలలు పట్టవచ్చు. ఎందుకు, తొందరగా ఉందా?”

“మా బోధన్ బడిల అరవై రెండు మంది ఉన్నరు మేడం. ఒక్కలకు గూడ సర్టిఫికెట్ లేదు. బస్సు పాసుకు దినాం అడుగుతరు.” ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. “ఫిబ్రవరి అంటే చెరుకు సీజన్ ఇంక నడుస్తనే ఉంటది. తల్లిదండ్రులంతా ఊర్లనే ఉంటరు. అందరిని ఒక్కసారే పిలువచ్చు.”

అని లేచి, గ్లాసులో మిగిలిన నీళ్ళు గటగటా తాగేసి, బోధన్‌కు ఫోన్ చేసుకోవచ్చా అని అనసూయమ్మను అడిగింది.